వైద్యునికి చెప్పిన మాట, వైద్యశాలలో నిలిచిన కాగితము

మన సంఘ సభ్యుల యిండ్లలో పట్టాదారు పాసుపుస్తకము ఎచ్చట నున్నదని అడిగినచో చీకటిలోనైనను తీసి చూపగలరు. గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున భద్రపరచియుందురు. దాని ప్రక్కనే సంఘపు వాటా పత్రము, బ్యాంకి పుస్తకము, అప్పు తీర్చిన రశీదులు నుండును. అదే యింటిలో, మొన్న ఇల్లాలికి గర్భసంచి తీసివేసినప్పుడు ఆసుపత్రివారిచ్చిన కాగితములు ఏవి యని అడుగుడు. దూలము సందున దోపితిమనియో, వానకు తడిసి పోయినవనియో, అసలు వారేమియు ఈయలేదనియో చెప్పుదురు. ఆమెకు ఏ కారణముచేత గర్భసంచి తీసిరి, అండకోశములు ఉంచిరా తీసిరా యని రెండేండ్ల పిమ్మట మఱియొక వైద్యుడు ప్రశ్నించినప్పుడు ఇంటిల్లిపాదియు ఒకరి మొగము ఒకరు చూచుకొందురు.

ఇది యొక లోపము. దీనికంటె పెద్దది మఱియొకటి కలదు. వైద్యుని యెదుట కూర్చుండి నిజము దాచుట. క్షయ యని తెలిసినచో పిల్లకు సంబంధము తప్పిపోవునని దగ్గు సంగతి దాచుదురు. త్రాగుడు దాచుదురు. మందు కొట్టి పడిపోయిన వానికి ఎండదెబ్బ తగిలినదందురు. వైద్యునికి చెప్పిన మాటయు, అతడు వ్రాసిన కాగితమును ఎవరికి చెందినవో, ఎంతవరకు ఎవరియొద్దకు పోవునో తెలియనందున ఈ రెండు లోపములును కలుగుచున్నవని మా యభిప్రాయము. కావున ఆ సంగతి ఈ నెల వివరింప దలచితిమి.

మన సంఘపు కవిలెలో ప్రతి సభ్యుని అప్పును, వాయిదాయు వ్రాసియుండును. కార్యదర్శికి అందరి లెక్కలును తెలియును. అట్లని రామయ్య బాకీ యెంతయో సోమయ్యకు రచ్చబండ మీద చెప్పినచో అట్టివానిని ఆ పనిలో నుంచుదుమా? వైద్యుని స్థితియు ఇట్టిదే. "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత మనవారి నాలుకపై ఎప్పుడును ఆడుచుండును గాని, ఆ కథలో గుట్టు పోయినది పగవాని యొద్దకు. వైద్యుని యొద్ద గుట్టు విప్పుట అట్టిది కాదు. రోగి యింటి సంగతులను వైద్యుడు వెలుపల చెప్పరాదను కట్టుబాటు మన దేశమున మిక్కిలి ప్రాచీనము. చరక సంహితలోని విమానస్థానమున, విద్యారంభవేళ గురువు శిష్యునికి విధించు నియమములలో ఇదియు నొకటి. నేడు అల్లోపతి వైద్యులను బంధించు నియమములు 2002 సంవత్సరమున భారత వైద్య మండలి చేసినవి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషను వీనికి మారుగా క్రొత్తవానిని ప్రకటించెను గాని, ఆ నెలలోనే వానిని నిలిపివేసి పాతవానినే తిరిగి అమలు చేసెను. ఆ 2002 నియమముల ప్రకారము, వృత్తిలో తెలిసికొనిన రోగి రహస్యమును వెల్లడించుట వైద్యునికి దోషము. కొన్ని మినహాయింపులు కలవు. వానిని ముందు చెప్పెదము.

రైతుకు అన్నిటికంటె ముఖ్యమైనది పురుగుమందు సంగతి. మిట్టమధ్యాహ్నము గాలికెదురుగా నిలిచి, ముక్కుకు గుడ్డయైనను లేక మందు కొట్టినవానికి సాయంకాలము వాంతులు, చెమటలు, కండ్లు మసకలు కమ్ముట, నోట చొంగ కారుట మొదలగును. ఆసుపత్రికి చేర్చిన బంధువులు మందు మాట యెత్తరు. ఎత్తినచో ఊరివారు "వాడు త్రాగినాడట" అందురని భయము. పోలీసులు వత్తురని మఱియొక భయము. కాని వైద్యునికి ఆ మాటయే కావలెను. పురుగుమందులన్నియు ఒక్క జాతివి కావు. కొన్నింటి విషమునకు అట్రోపిను సూది ప్రాణము నిలుపును. కొన్ని కలుపుమందులకు ఆ సూది యక్కరకు రాదు. వాని చికిత్స వేఱు. ఏ మందో తెలియనిచో వైద్యుడు లక్షణములను బట్టి ఊహింపవలసి వచ్చును. ఆ ఊహ సాగునంత సేపును రోగి ప్రాణము క్షీణించును. కావున సీసానో, డబ్బానో, దానిపైని చీటీతో సహా ఆసుపత్రికి తీసికొని పోవలెను. సీసా దొరకనిచో కొన్న దుకాణపు రశీదైనను చాలును.

ఒకవేళ ఆ మందు నిజముగానే త్రాగినదైనను దాచరాదు. విషము కేసులలో ఆసుపత్రివారు పోలీసు స్టేషనుకు వర్తమానము పంపుట కలదు. లేదని మేము చెప్పము. అయితే పోలీసులు వచ్చువరకు చికిత్స నిలుపరాదని, మొదట ప్రాణము కాపాడవలెనని సుప్రీముకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావింపవలెనే గాని శిక్షింపరాదని 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య చట్టము తెలిపెను. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేసిన యత్నము మాత్రమే నేడు నేరము. అప్పులచేతను, పంట పోవుటచేతను మనసు క్రుంగినవారు 14416 అను నెంబరునకు రుసుము లేక ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నెంబరును సంఘపు గోడమీద వ్రాయింపవలెనని కార్యదర్శులను కోరుచున్నాము.

ఇక మినహాయింపులు. న్యాయస్థానమున న్యాయాధిపతి ఆజ్ఞాపించినప్పుడు వైద్యుడు చెప్పి తీరవలెను. వకీలుకు తన కక్షిదారుని మాట దాచు హక్కును చట్టమిచ్చినది. వైద్యునికి అట్టిది లేదు. ఒకానొక వ్యక్తికో, సమాజమునకో స్పష్టమైన ప్రమాదము కనబడుచున్నప్పుడు హెచ్చరింప వచ్చును. కొన్ని వ్యాధులను ప్రభుత్వమునకు తప్పక తెలుపవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలపై అత్యాచారము జరిగినట్లు తెలిసినచో, 2012 చట్టము ప్రకారము వైద్యుడు మౌనముగా నుండరాదు.

ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో క్షయ మనకు దగ్గరిది. 2012 నుండి, ప్రభుత్వాసుపత్రియైనను ప్రైవేటు వైద్యుడైనను క్షయరోగి వివరములను ప్రభుత్వ క్షయ నివారణ శాఖకు తెలుపవలెను. "పేరు పైకి పోవునట" అని వినిన వెంటనే మనవారు బెదరి, పట్టణములో ఎవరికిని తెలియని చోట మందు కొని, రెండు నెలలు మ్రింగి, దగ్గు తగ్గగానే మానివేయుదురు. ఇది చాల చెఱుపు. పేరు పోవునది శాఖకు. ఊరిలో దండోరా వేయుటకు గాదు. పేరు చేరుటచేతనే ఉచితముగా మందులు వచ్చును, ఆఱు నెలలో అంతకెక్కువయో చికిత్స సాగువరకు పోషణకై రోగి బ్యాంకి ఖాతాలో సొమ్ము పడును. ఆ సొమ్ము 2018 ఏప్రిలు నుండి నెలకు 500 రూపాయలుగా నుండి, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. మఱియొక సంగతి. తెలియకుండ కొందుమనుకొనువారు ఎఱుగవలసినదేమన, క్షయ మందులను అమ్మిన దుకాణదారుడు కొన్నవాని పేరును, వ్రాసిన వైద్యుని పేరును ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడేండ్లు ఉంచవలెను. కావున చాటుగా కొనినను పేరు వ్రాయబడక మానదు. లాభము మాత్రము పోవును.

ప్రభుత్వమునకు తెలుపుట వేఱు, ఊరికి చాటుట వేఱు. ఈ భేదమును కరోనా కాలమున అందఱమును కన్నులార చూచితిమి. 2020లో రోగుల యింటి తలుపులకు కాగితములు అంటించిరి. ఆ కాగితము చూచి పాలు పోయువాడు వీధి మొగముననే తిరిగిపోయెను, కూలీలు ఆ పొలము గట్టు త్రొక్కరైరి, రోగము తగ్గిన పిమ్మటను నెలల తరబడి ఆ యిల్లు వెలివేసినట్లుండెను. ఆ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన సుప్రీముకోర్టు, విపత్తు నిర్వహణ చట్టము క్రింద అధికారము గలవారు ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే తప్ప అట్టి కాగితములు అంటింపరాదని చెప్పెను. అది మన గ్రామములలో చాలమందికి తెలియనే తెలియదు.

గుట్టునకును ప్రమాదమునకును నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నది సులభమైన ప్రశ్న గాదు. నాగాలాండు రాష్ట్రపు సర్కారు వైద్యుడొకడు బంధువు శస్త్రచికిత్సకై మద్రాసునకు వచ్చి రక్తమిచ్చెను. ఆ పరీక్షలో అతనికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలెను. ఆ సంగతి వెలుపలకు పొక్కి, 1995లో నిశ్చయమైయున్న అతని వివాహము ఆగిపోయెను. ఆసుపత్రి తన రహస్యమును బయటపెట్టినదని అతడు వ్యాజ్యమాడెను. 1998లో సుప్రీముకోర్టు, రోగి గుట్టునకు హక్కు కలదు గాని పెండ్లికూతురి ప్రాణము కాపాడుకొను హక్కు దానికంటె బలమైనదని చెప్పి అతని కోరికను త్రోసివేసెను. ఆ పెండ్లికూతురు మన యింటి పిల్లయైనచో మనమందఱమును ఆ తీర్పునే కోరుదుము గదా. అయినను ఆ యువకుడు ఊరిలో తలయెత్తుకొనలేక పోయిన బాధయు అబద్ధము కాదు. తరువాత 2017లో హెచ్.ఐ.వి. రోగులకై ప్రత్యేక చట్టము వచ్చి 2018 సెప్టెంబరు 10 నుండి అమలయ్యెను. దానిప్రకారము రోగి వ్రాతపూర్వకమైన సమ్మతి లేక అతని స్థితిని ఎవరికిని చెప్పరాదు. భార్యకో భర్తకో నిజముగా అపాయమున్నదని తోచినప్పుడు, రోగికి నచ్చజెప్పి, అతడు తాను చెప్పడని నిశ్చయించుకొని, చెప్పబోవుచున్నామని అతనికి ముందుగా తెలిపిన పిమ్మటనే వైద్యుడు ఆ యొక్క వ్యక్తికి చెప్పవచ్చును. అత్తమామలకు గాని, పనియిచ్చిన వానికి గాని, పాఠశాలకు గాని చెప్పరాదు.

స్త్రీల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన పల్లెలనుండి కోడలు వైద్యునియొద్దకు పోవునప్పుడు అత్త, ఆడుబిడ్డ, భర్త, ఒక్కొకప్పుడు దారిలో కలిసిన పిన్నియు లోపలికి పోవుదురు. వైద్యుడు అడిగిన ప్రశ్నకు అత్త సమాధానము చెప్పును. కోడలు నేల చూచుచుండును. మేమొకమారు ఒక పట్టణపు ఆసుపత్రి వసారాలో కూర్చుండగా, లోపలి వైద్యురాలు తలుపు తీసి "అమ్మా, మీరందఱును ఐదు నిమిషములు బయట కూర్చుండుడు, ఆమెతో మాటలాడవలెను" అనెను. బయటికి వచ్చిన పెద్దావిడ "మాకు తెలియని గుట్టేమున్నదమ్మా దానికి" అని మాతో గొణిగెను. ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉన్నచో అది ఆ ఐదు నిమిషములలోనే బయటపడవలెను. వయస్సు వచ్చిన స్త్రీ వైద్యునితో ఒంటరిగా మాటలాడ కోరవచ్చును. మగవైద్యుడు పరీక్షించునప్పుడు నర్సును గాని తన మనిషిని గాని దగ్గర ఉంచుమని అడుగవచ్చును. గర్భస్రావ విషయమున, పదునెనిమిదేండ్లు నిండి మానసిక రోగము లేని స్త్రీకి చట్టము ఆమె సమ్మతినే కోరును. భర్త సంతకమును చట్టము కోరలేదు. ఆమె పేరు, వివరములు వెల్లడించిన వానికి ఏడాదివరకు ఖైదు గాని జుల్మానా గాని రెండును గాని విధింపవచ్చునని 2021 సవరణ చెప్పుచున్నది.

ఇంతవరకు వైద్యుడని మేము చెప్పినది వైద్య మండలి పట్టికలో పేరుగల వైద్యుని గూర్చి. ఊరిలో మనకు మొదట సూది వేయువాడు చాలసార్లు ఆర్.ఎం.పి. యని మనము పిలుచు ఆయన. అర్ధరాత్రి పిలిచినను వచ్చును. ఆయనను నిందించుట మా యుద్దేశము గాదు. అయితే ఆయన పేరు మండలి పట్టికలో లేదు గనుక ఆయన నోటికి మండలి తాళము వేయలేదు. ఆయన మంచితనమే మనకు హామీ. అట్లే పరీక్షశాలలో రక్తము తీయు కుఱ్ఱవాడు, మందుల దుకాణములో చీటీ చదువు గుమాస్తా, చీటీలు వ్రాయు కాంపౌండరు వీరందఱి చెవులను మన సంగతి తాకును. ఇక వాట్సాపు సంగతి చెప్పనక్కరలేదు. వైద్యుడు పెదవి విప్పకున్నను, మనమే రక్తపరీక్ష కాగితమును ఫోటో తీసి మేనల్లునికి పంపుదుము. అతడు బంధువుల గ్రూపులో వేయును. రాత్రి భోజనవేళకు అమెరికాలోని చిన్నాయనయు ఫోను చేసి పరామర్శించును. పిమ్మట ఆసుపత్రివారు చెప్పిరని ఆసుపత్రివారిని తిట్టుదుము.

ఇపుడు కాగితముల మాట. పడకమీద చేరి చికిత్స పొందిన రోగి రికార్డును, చికిత్స మొదలైన తేదీనుండి మూడేండ్లు ఉంచవలెనని 2002 నియమములు చెప్పుచున్నవి. కేసుషీటు అసలు ప్రతి ఆసుపత్రియొద్ద నుండును. దాని నకలు పొందు హక్కు రోగిది. రోగి గాని, అతడు అధికారమిచ్చిన మనిషి గాని అడిగినచో అందినట్లు తెలిపి 72 గంటలలోగా ఈయవలెను. ఈయకుండుట వైద్యునికి వృత్తి దోషమగును. పహాణీ నకలునకు రుసుము చెల్లించినట్లే దీనికిని కాపీల ఖర్చు చెల్లింపవలసి యుండవచ్చును. డిశ్చార్జి నాడు ఇచ్చు ఒక్క కాగితముతో తృప్తిపడరాదు. ఆపరేషను జరిగినచో ఆపరేషను వివరములు, తీసిన భాగమును పరీక్షకు పంపినచో దాని ఫలితము, ఎక్సురే, స్కానింగు నివేదికలు అన్నియు అడిగి తెచ్చుకొనవలెను. తెచ్చుకొనకున్న మఱల అదే స్కానింగునకు మఱల అంతే సొమ్ము పోయును.

పడకమీద చేరక, చూపించుకొని పోయిన రోగికి ఈ మూడేండ్ల నియమము వర్తింపదని గమనింపవలెను. ఓ.పి. చీటీ ఒక్కటే ఆ చికిత్సకు సాక్ష్యము. అది మన చేతనే యున్నది. దానిని దూలములో దోపినచో లోకములో మఱెచ్చటను దాని జాడ యుండక పోవచ్చును. రక్తపోటు, చక్కెర వ్యాధి గలవారికి ఇది మఱింత ముఖ్యము; ఏ మందు ఎప్పుడు మార్చిరో ఆ చీటీల వరుసయే చెప్పును. ఒక గుడ్డసంచి చాలును. అందు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కవరు, పైన పేరు, పాతది అడుగున, క్రొత్తది పైన. పాసుపుస్తకమున్న పెట్టెలోనే దీనికిని చోటీయవలెను.

ఆరోగ్యశ్రీ వంటి సర్కారు పథకముల క్రింద చికిత్స పొందినచో కాగితములు ఖర్చు భరించు ట్రస్టునకు పోవును. ఎవడు సొమ్మిచ్చునో వాడు లెక్క చూడక తప్పదు. ఇటీవల ఆసుపత్రులలో ఆభా యను 14 అంకెల నెంబరు చేయించుకొనుమని చెప్పుచున్నారు. 2021 సెప్టెంబరు 27న దేశమంతట ఆరంభమైన డిజిటలు ఆరోగ్య పథకములోని భాగమిది. దానిచేత ఒక ఆసుపత్రిలోని రికార్డును మఱియొక ఆసుపత్రి, రోగి సమ్మతితో, తెప్పించుకొన వచ్చును. ఉపయోగము గలదే. అయితే సమ్మతి యనగా ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అంకెలు. అవి ఎందుకని అడుగక ఎవరికిని చెప్పరాదు. బ్యాంకి విషయమున మోసపోయి నేర్చుకొన్న పాఠమునే ఇచ్చటను వాడుకొనవలెను.

గుట్టు బయటపెట్టిన వైద్యునిపైనను, నకలు ఈయని వైద్యునిపైనను రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. ఆంధ్రప్రదేశమునకు, తెలంగాణమునకు వేర్వేరు మండలులు కలవు. ఫిర్యాదుపై ఆఱు నెలలలో తీర్మానింపవలెనని నియమము. చదువురాని సభ్యులకు అర్జీ వ్రాసిపెట్టుటకు సంఘపు గుమాస్తా సాయపడవచ్చును గాని, రోగమేదో గుమాస్తాకు చెప్పనక్కరలేదు. నకలు కొఱకు పెట్టు అర్జీలో రోగి పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఆసుపత్రి నెంబరు, "నా చికిత్సకు సంబంధించిన రికార్డు నకలు ఇప్పింపవలెను" అను ఒక్క వాక్యము, సంతకమో వేలిముద్రయో చాలును. మఱియొకరిని పంపినచో వారికి అధికారమిచ్చినట్లు వ్రాసి, గుర్తింపు కార్డు నకలు జతపరుపవలెను. అర్జీ రెండు ప్రతులుగా వ్రాసి, ఒకదానిపై ఆసుపత్రి ముద్ర వేయించుకొని తెచ్చుకొనవలెను. ఆ ముద్రక్రింద తేదీతోబాటు గంటయు వ్రాయించుకొనుట మఱవరాదు. 72 గంటల లెక్క అచ్చటినుండియే మొదలగును.